కథ ఎక్కడ ఆపాలి

గ్రీకు వీరుల సాహసాలు చెప్పడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. ఎద్దు తలతో మనుషుల్ని తినే మినొటార్, కునుకన్నది ఎరగని పాము కాపలా కాసే బంగారు ఉన్ని, తన ముఖం చూసినవాణ్ణి రాయిగా మార్చేసే మెడూసా ఉండగా ఎవరు చెప్పినా పిల్లలు కళ్ళార్పకుండా వింటారు. సెలవుల్లో మా వీధి పిల్లలను కూర్చోబెట్టి ఈ కథలు చెప్పడం ఏళ్ళ తరబడి నాకు అలవాటు. ఇన్నాళ్ళకు నాకు తేలిందేమంటే, గ్రీకు కథలో అసలు కష్టం రాక్షసుడు చచ్చాకే మొదలవుతుంది. వీరుడు క్షేమంగా ఇల్లు చేరాలి. చెప్పేవాడు కథ ఎక్కడ ఆపాలో తేల్చుకోవాలి.

ఈ చిక్కు మనకు కొత్తేమీ కాదు. ఉత్తరకాండ ఉందని తెలిసినా, చాలా ఇళ్ళలో రామాయణ పారాయణ పట్టాభిషేకం దగ్గరే ఆగుతుంది.

థీసియస్‌నే చూడండి. క్రీట్ రాజు మినోస్‌కు ఏథెన్స్ కప్పంగా పంపే ఏడుగురు అబ్బాయిలు, ఏడుగురు అమ్మాయిల్లో ఒకడిగా వెళ్తాడు. మినోస్ కూతురు అరియాడ్నీ ఇచ్చిన దారపు ఉండను విప్పుకుంటూ చిక్కుదారుల భవనంలోకి దూరి, మినొటార్‌ను చంపి, ఆ దారం పట్టుకునే బయటికి వస్తాడు. ఇక్కడ ఆపితే చప్పట్లు. కానీ తిరుగు ప్రయాణంలో నాక్సోస్ దీవిలో, తనను కాపాడిన అరియాడ్నీని నిద్రలో వదిలేసి వెళ్ళిపోయాడని ఎక్కువమంది చెప్పే కథ. బతికి వస్తే తెల్ల తెరచాప ఎత్తాలని తండ్రికి ఇచ్చిన మాట కూడా మరిచాడు. నల్ల తెరచాప చూసి, కొడుకు పోయాడనుకుని, ముసలి ఏజియస్ కొండ మీంచి దూకేశాడు. "అంత ముఖ్యమైన సంగతి ఎలా మర్చిపోయాడు తాతా?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. ప్లూటార్క్ చెప్పిన జవాబే నేనూ చెబుతాను: పట్టలేని సంతోషంలో మర్చిపోయాడు. పిల్లలు దీన్ని వెంటనే నమ్ముతారు.

అసలు కష్టం సాహసం ముగిశాకే మొదలవుతుందని హోమర్‌కు అందరికన్నా బాగా తెలుసు. 'ఒడిస్సీ'లో 24 సర్గలుంటే, ఒడిస్సియస్ 13వ సర్గలోనే ఇథాకా చేరిపోతాడు. అదీ నిద్రలో. లేచి చూస్తే సొంత నేలను గుర్తుపట్టలేడు. మిగిలిన సగం కావ్యమంతా ఇంటికి వచ్చినవాడు ఇంటివాడు కావడం గురించే. ముసలి కుక్క గుర్తుపట్టి ప్రాణం విడుస్తుంది. కాళ్ళు కడుగుతున్న దాది కాలి మచ్చ చూసి పోల్చుకుంటుంది. పెనెలొపీ మాత్రం అంత తేలిగ్గా నమ్మదు. వేళ్ళతో నేలలో పాతుకున్న ఆలివ్ చెట్టు మొదలునే కోడుగా చెక్కి తన చేతులతో చేసిన మంచం గుట్టు అతను విప్పాకే నమ్ముతుంది.

ఆ దంపతులు పడకకు చేరే చోటే, 23వ సర్గలో, కావ్యం ముగిసిందని అలెగ్జాండ్రియా పండితులు అరిస్టోఫనీజ్, అరిస్టార్కస్ తేల్చారు. ఎంత పెద్దవాళ్ళయినా నేను వాళ్ళ మాట వినను. మర్నాడు ఒడిస్సియస్ తోటలో మొక్క చుట్టూ తవ్వుకుంటున్న తండ్రి లయర్టీజ్ దగ్గరికి వెళ్తాడు. కొడుకునేనని రుజువు చూపడానికి, చిన్నప్పుడు తండ్రి తనకని ఇచ్చిన చెట్ల లెక్క చెబుతాడు: 13 పియర్, 10 ఆపిల్, 40 అత్తి, 50 వరసల ద్రాక్ష. ట్రాయ్ గెలిచినవాడు, ఒంటికన్ను సైక్లాప్స్‌ను బోల్తా కొట్టించినవాడు, చివరికి చిన్నపిల్లాడిలా చెట్లు ఒప్పజెబుతాడు. ఈ తోట లేకుండా 'ఒడిస్సీ' చెప్పడానికి నాకు మనసొప్పదు.

హెరాక్లీజ్ దగ్గర చిక్కు ఇంకో రకం. ఉన్మాదంలో సొంత బిడ్డలను చంపుకుని, ఆ పాపం కడుక్కోవడానికి పన్నెండు కార్యాలు చేశాడని ఒక వరస. యూరిపిడీస్ తన నాటకంలో దాన్ని తిరగేశాడు. కార్యాలన్నీ ముగించుకుని, పాతాళం నుంచి మూడు తలల కుక్కను సైతం తెచ్చి ఇల్లు చేరాకే ఉన్మాదం వస్తుంది. మొదటి వరసలో శ్రమకు ఫలితం ఉంది. రెండోదాంట్లో లేదు, చెయ్యి పట్టుకుని ఏథెన్స్‌కు తీసుకుపోయే స్నేహితుడు థీసియస్ మాత్రం ఉన్నాడు. చిన్నవాళ్ళకు మొదటిది చెబుతాను, కాలేజీకి వచ్చినవాళ్ళకు రెండోది.

ఇక బంగారు ఉన్ని తెచ్చిన జేసన్. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అపొలోనియస్ రాసిన 'ఆర్గొనాటికా', ఆర్గో నౌక పగసాయి రేవు చేరగానే ఆగిపోతుంది. బంగారు ఉన్ని వచ్చింది, వీరులు వచ్చారు, అంతే. అంతకు రెండు వందల ఏళ్ళ ముందే, క్రీ.పూ. 431లో, యూరిపిడీస్ 'మెడియా'ను ఏథెన్స్‌లో ప్రదర్శించాడు. జేసన్ మరో పెళ్ళికి సిద్ధపడటం, అతని వెంట వచ్చిన భార్య మెడియా కన్నబిడ్డలనే చంపడం ఆ ప్రేక్షకులు చూసేశారు. కాబట్టి అపొలోనియస్ శ్రోతలకు ఆ రేవు దగ్గరి సంతోషం ఎన్నాళ్ళుంటుందో తెలుసు. తెలిసినవాళ్ళ ముందు అంతటితో ఆపడం ధైర్యమే.

కానీ మా వీధి పిల్లలకు తెలియదు. పగసాయి దగ్గర ఆపితే ఓసారి ఒక పాప అడిగింది: "జేసన్ వాళ్ళింటికి వచ్చేశాడు. మరి మెడియా వాళ్ళింటికి ఎప్పుడెళ్తుంది?" తండ్రిని మోసం చేసి, తమ్ముడి చావుకు కారణమై, పరాయివాడి వెంట వచ్చిన పిల్ల కదా, ఆ మాటకు జవాబు వెతకాల్సిందే. అపొల్లొడోరస్ పేరిట మిగిలిన పురాణ సంగ్రహంలో అది దొరికింది. బిడ్డల హత్య తర్వాత కోరింథు నుంచి ఏథెన్స్‌కు పారిపోయి, అక్కడా నిలవలేక, మెడియా ఎవరికీ తెలియకుండా తన పుట్టిల్లు కోల్కిస్ చేరుతుంది. బాబాయి పెర్సెస్ తండ్రిని గద్దె దించేశాడని తెలుసుకుని, అతన్ని చంపి రాజ్యాన్ని మళ్ళీ తండ్రికి ఇప్పిస్తుంది. సంగ్రహకర్త దీన్ని రెండు ముక్కల్లో తేల్చేశాడు. నేను మాత్రం ఆ రెండు ముక్కలకు ఒక సాయంత్రమంతా తీసుకుంటాను.