పదిహేనేళ్ళ గొంతు: ఎస్. ఇ. హింటన్ నవలలు

యువతరం కోసం రాసే సాహిత్యంలో ఒక చిక్కు ఉంది. ఆ వయసువారికి రాసే నేర్పు అరుదు. నేర్పు వచ్చేసరికి ఆ వయసు దాటిపోతుంది. అందుకే ఈ కోవ పుస్తకాలు చాలావరకు పెద్దల జ్ఞాపకాలుగానో హితబోధలుగానో తేలతాయి. అమెరికన్ రచయిత్రి ఎస్. ఇ. హింటన్ ఈ చిక్కును రెండు వైపులా అనుభవించింది.

1948లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో పుట్టిన హింటన్, 'ది అవుట్‌సైడర్స్' నవలను పదిహేనేళ్ళకు మొదలుపెట్టి హైస్కూల్లో ఉండగానే పూర్తిచేసింది. 1967లో వైకింగ్ సంస్థ దాన్ని ప్రచురించింది. మగపిల్లల ముఠాల కథను ఆడపిల్ల రాసిందంటే సమీక్షకులు చులకన చేస్తారేమోనని ప్రచురణకర్తలు ఆమె పేరును పొడి అక్షరాలకు కుదించారు.

తల్లిదండ్రులను కారు ప్రమాదంలో పోగొట్టుకుని అన్నల పెంపకంలో ఉన్న పద్నాలుగేళ్ళ పోనీబాయ్ ఈ కథ చెబుతాడు. ఊరికి తూర్పున పేద గ్రీజర్లు, పడమట డబ్బున్న సోష్‌లు. వీరి తగవులో మూడు ప్రాణాలు పోతాయి. మనం చదివినదంతా పోనీబాయ్ ఇంగ్లీషు క్లాసు కోసం రాసిన వ్యాసమేనని చివర్లో తెలుస్తుంది. నవలలో లోపాలు దాచినా దాగవు. భావోద్వేగం పొంగిపొర్లుతుంది, కథకు అవసరమైనప్పుడల్లా ప్రమాదాలు సిద్ధంగా ఉంటాయి. టల్సా నల్లజాతి ప్రజలపై 1921లో ఘోరమైన మారణకాండ జరిగిన ఊరు. అయినా వర్గం గురించి ఇంత పట్టింపు ఉన్న ఈ నవలలో జాతి ప్రస్తావన దాదాపు లేదు. ప్రతి పాత్ర జుట్టునూ కళ్ళ రంగునూ పోనీబాయ్ పూసగుచ్చినట్టు వర్ణిస్తాడు. అనుభవమున్న రచయిత ఆ వర్ణనలు కొట్టేసేవాడు. కానీ తోటివారిని అంత తదేకంగా చూడటం ఆ వయసు లక్షణం. కథకుడికీ రచయిత్రికీ మధ్య దూరం లేకపోవడమే ఈ నవల బలం.

ఆ విజయం ఆమె కలాన్ని కొన్నేళ్ళు ఆపేసింది. తరువాత ఆమె భర్త అయిన స్నేహితుడు రోజుకు రెండు పేజీలైనా రాయమని పట్టుబట్టడంతో 1971లో 'దట్ వజ్ దెన్, దిస్ ఈజ్ నౌ' వెలువడింది. తమ్ముడిలా కలిసి పెరిగినవాణ్ణి మాదకద్రవ్యాల కేసులో పోలీసులకు పట్టించిన బ్రయన్ కథ ఇది. చివరికి అతనికి ఓదార్పు దొరకదు. 1975 నాటి 'రంబుల్ ఫిష్' ఆమె పనితనానికి శిఖరం. అందులో కథకుడు రస్టీ-జేమ్స్‌కు తాను చెబుతున్నదాని అర్థం తెలియదు. అతడు ఆరాధించే అన్న ఎంత ఒంటరివాడో పాఠకుడికి అర్థమవుతుంది, అతనికి కాదు. పోనీబాయ్ రచయిత్రితో సమానుడు. రస్టీ-జేమ్స్‌ను ఆమె కొంత ఎత్తునుంచి చూస్తుంది. నేర్పు పెరిగింది, దూరమూ పెరిగింది.

1979లో 'టెక్స్', 1988లో 'టేమింగ్ ది స్టార్ రన్నర్' వచ్చాయి. చివరి నవలలో ట్రావిస్ అనే కుర్రవాడు నవల రాస్తాడు, దాన్ని ఒక ప్రచురణసంస్థ అంగీకరిస్తుంది. ఇది హింటన్ సొంత కథే. అయినా తొలి నాలుగు నవలలనూ 'నేను' అంటూ నడిపిన రచయిత్రి ఇక్కడ 'అతడు' అని రాసింది. యువపాఠకుల రచయితలకిచ్చే మార్గరెట్ ఎడ్వర్డ్స్ పురస్కారాన్ని తొలిసారిగా ఆమె అందుకున్నదీ ఆ ఏడాదే. ఆ తరువాత చిన్నపిల్లలకూ పెద్దలకూ రాసింది గానీ, యువపాఠకుల కోసం మరో నవల రాయలేదు. తనలో లేని గొంతును అనుకరించడంకన్నా ఈ మౌనమే నిజాయితీ అనిపిస్తుంది.

తెలుగులో నామిని, ఖదీర్‌బాబు కతల్లో కుర్రవాళ్ళ గొంతు సజీవంగా వినిపిస్తుంది. అయితే అది బాల్యంలోకి తిరిగివెళ్ళిన పెద్దల గొంతు. వెనుతిరిగి చూసే చిరునవ్వు అందులో ఉంటుంది. పదిహేనేళ్ళవారు తమ ఈడువారి కోసం రాసిన తెలుగు నవల కోసం మాత్రం వెతుక్కోవలసిందే. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లల్లో చాలామంది బళ్ళో 'ది అవుట్‌సైడర్స్' చదువుతారు. వారిలో రాయాలనుకునేవారు రాసేది ఎక్కువగా ఇంగ్లీషులోనే. తెలుగులో రాసినా అది పిల్లల పేజీలో, పిల్లల ముచ్చటగా అచ్చవుతుంది. వైకింగ్ సంస్థ ఒక బడిపిల్ల రాతప్రతిని ముచ్చటగా కాక నవలగా చదివింది. తెలుగు సంపాదకులు ఆలోచించవలసిన సంగతి ఇది.