పెంకుటింటి మీద రాగి తీగ

రేడియో కొన్నవాడికి షావుకారన్న పేరొచ్చేది గానీ, దానిచేత మాట్లాడించింది మెకానిక్కే. రెండు వెదురు బొంగులు, నడుమ రాగి తీగ, రెండు కొసలా పింగాణీ గుళ్లు. గుండు పెట్టకుండా తీగను నేరుగా బొంగుకు కడితే, వానకు తడిసిన బొంగు వెంట సిగ్నల్ కాస్తా నేలపాలవుతుందని అతనికి తెలుసు. కరెంటు తీగల పక్కనే వాటితో పాటుగా లాగేవాడు కాదు. అడ్డంగా, వీలైనంత ఎడంగా. లేకపోతే వార్తలకు బదులు గుర్రుమనే మోతే.

అసలు పనితనం ఎర్త్‌లో ఉంది. నూతిపళ్లెం పక్కన, ఎప్పుడూ తడారని చోట గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి రాగి రేకు పాతేవాడు. ఊరంతా తలెత్తి బొంగుల్ని మెచ్చుకునేది. నా ఓటు మాత్రం ఆ గొయ్యికే. విజయవాడ కేంద్రం వినిపించే 837 కిలోహెర్ట్జ్ అల పొడవు దాదాపు 358 మీటర్లు. అంత అలకు మన 40 అడుగుల తీగ ఏ మూలకు? మిగతా పని నేల అందుకోవాల్సిందే.

తర్వాత ట్రాన్సిస్టర్లొచ్చాయి; ఏరియల్ ఫెరైట్ కడ్డీగా మారి డబ్బాలో దూరింది. ఆ కడ్డీ కొస స్టేషన్ వైపు ఉంటే గొంతు సన్నగిల్లుతుంది. మీ రేడియో గరగరలాడితే నెత్తిన మొట్టకండి, పావు చుట్టు తిప్పి చూడండి.