అడ్వాన్సు అనే మాట

నందివాడ వైపు చేపల చెరువు గట్టు మీద పాకలో ఉండే యానాది కుటుంబాన్ని ఏం పని అని అడిగితే ‘కాపలా’ అంటారు. జీతమెంత అంటే వెంటనే జవాబు రాదు. ‘అడ్వాన్సు తీసుకున్నాం’ అంటారు. దివిసీమలో మడ అడవుల పాయల్లో పీతలు పట్టేవాళ్ళదీ అదే మాట. వలకి సావుకారు డబ్బిచ్చాడు, పీతలు ఆయనకే వేయాలి, రేటు ఆయన చెప్పిందే.

మన కథల్లో యానాదులు చాలాసార్లు వస్తారు. ఎలుకల బుట్ట వస్తుంది, వల వస్తుంది, ఆకలి వస్తుంది. కూలి ఎంత, లెక్క ఎవరి పుస్తకంలో ఉంది అన్నది మాత్రం రాదు. చదివినవాళ్ళకి జాలి కలుగుతుంది, అంతే. మేము రాసినవాటిలోనూ ఈ లోపం ఉంది. అందుకే ఈసారి కథని పక్కన పెట్టి, 1976 నాటి వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టాన్ని ఒక రచనని చదివినట్టు చదివాం.

చదివితే ఆశ్చర్యమేసింది. వెట్టి అంటే గొలుసులు, కొరడాలు అనుకుంటాం. చట్టంలో అవేవీ లేవు. అడ్వాన్సు ఉంది. దానికి కాగితం ఉన్నా లేకపోయినా ఒకటేనని కూడా రాశారు. ఆ అడ్వాన్సుకి బదులుగా నామమాత్రపు కూలికి పనిచేయాల్సి వచ్చినా, ఇంకోచోట పనికి పోలేకపోయినా, ఊరు దాటి వెళ్ళలేకపోయినా వెట్టే. నాలుగోది ఇంకా ముఖ్యం: తన కష్టంతో వచ్చిన సరుకుని బజారు ధరకి అమ్ముకునే హక్కు పోయినా వెట్టే. నాగాయలంక పీతల బుట్టని చూసి రాసినట్టుంది ఆ వాక్యం! నామమాత్రపు కూలి అంటే ఏమిటో కూడా చెప్పారు. సర్కారు నిర్ణయించిన కనీస కూలికన్నా తక్కువైతే అది నామమాత్రమే. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు 1982లో అన్నదీ ఇదే: కనీస వేతనం కన్నా తక్కువకి చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే.

పదిహేనో సెక్షన్ దగ్గర చాలాసేపు ఆగాం. ఇది వెట్టి అప్పు అని కూలివాడు అంటే, కాదని రుజువు చేయాల్సింది అప్పిచ్చినవాడు. లెక్క పుస్తకం ఎప్పుడూ అవతలివాడి చేతిలోనే ఉండే మనకి ఇంతకన్నా పెద్ద మాట ఏ చట్టంలోనూ కనబడలేదు. ఆరో సెక్షన్ ప్రకారం ఆ అప్పే రద్దు. రద్దయిన అప్పుని వసూలు చేసుకుంటే అదీ నేరమే.

మరి లోపమెక్కడ? శిక్ష దగ్గర ఒకటి. వెట్టి చేయించుకున్నందుకు మూడేళ్ళ వరకు జైలు, రెండు వేల వరకు జరిమానా అని రాశారు. 1976లో రెండు వేలు పెద్ద మొత్తం కావచ్చు, ఇవాళ అది చెరువుకి ఒక్కరోజు మేత ఖర్చుకీ సరిపోదు. పునరావాసం సొమ్ము దగ్గర ఇంకోటి. 2016 పథకం పూర్తి సాయాన్ని నేరం రుజువు కావడంతో ముడిపెట్టింది. అవతలివాడికి శిక్ష పడేదాకా ఇవతలివాడు ఏ గట్టు మీద ఉండాలి?

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్నారు, సంతోషం. కానీ ఆ నియమం ఉన్న కోడ్ మామూలుగా పదిమందీ అంతకన్నా ఎక్కువమందీ పనిచేసే చోటికే వర్తిస్తుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉండే చెరువు గట్టు దాని కంటికి ఆనదు. అక్కడ జీతం అంటూ ఉంటే మొగుడి పేరునే ఉంటుంది, మేత కట్టలు మోసే ఆమె పేరు ఎక్కడా ఉండదు. ఆ కోడ్‌లలో కలపకుండా వదిలిన ఈ పాత చట్టమే ఇప్పటికీ ఆ ఇద్దరికీ దగ్గరగా ఉంది.

ఆ చట్టం ప్రకారం జిల్లాకో విజిలెన్స్ కమిటీ ఉండాలి. కలెక్టరు అధ్యక్షుడు, అంటే మనకి బందరు. అందులో ముగ్గురు ఎస్సీ, ఎస్టీలకి చెందిన స్థానికులు ఉండాలి. సబ్ డివిజన్ కమిటీలోనూ అంతే. ఆ ముగ్గురు ఎవరో మన కుర్రాళ్ళు ఒక దరఖాస్తు పెట్టి అడగొచ్చు.

ఉపాధ్యాయులకి ఒక మాట. ఏడాది మధ్యలో బడి మానేసిన యానాది పిల్ల పేరు ఎదురుగా మనం ‘డ్రాపవుట్’ అని రాసి ఊరుకుంటున్నాం. తల్లిదండ్రులు ఫలానా నెలలో అడ్వాన్సు తీసుకుని ఫలానా ఊరి చెరువు మీదికి వెళ్ళారని అదే గడిలో రాయొచ్చు. ఆ కుటుంబం గురించి సావుకారు పుస్తకంలో కాక వేరేచోట ఉండే మొదటి కాగితం అదే కావచ్చు.