ముక్కూమొహం తెలియని మెషీన్

హార్డ్ డిస్క్ లేని పాత కంప్యూటర్‌ను ఆన్ చేస్తే కాసేపటికి తెర మీద కనిపించేది దాని నెట్‌వర్క్ కార్డు నంబరు, అంటే మ్యాక్ అడ్రస్. దాని కింద డీహెచ్‌సీపీ అన్న మాట, పక్కనే ఒక్కొక్కటిగా పడే చుక్కలు. ఆ చుక్కలు పడుతున్నంతసేపూ నెట్‌వర్క్ కార్డులోని చిన్న ప్రోగ్రామ్ వైరు మీద ఉన్న అందరికీ వినబడేలా కేక వేస్తుంటుంది: నాకో అడ్రస్ ఇవ్వండి, నేను తెచ్చుకోవాల్సిన ఫైలు ఎక్కడుందో చెప్పండి అని. ఎవరు పలికినా నమ్ముతుంది. ఇచ్చిన ఫైలును మారుమాట లేకుండా నడుపుతుంది. అవతలి సర్వరుకూ అంతే, అడిగింది ఎవరో తెలియదు.

ఈ అలవాటు పుట్టింది డిస్కులు ఖరీదుగా ఉన్న రోజుల్లో. ఫైలును మోసుకొచ్చే టీఎఫ్‌టీపీ 1981 నాటిది, డీహెచ్‌సీపీకి ముందు అడ్రస్ చెప్పే పని చేసిన బూట్‌పీ 1985 నాటిది. టీఎఫ్‌టీపీ చిన్న చిప్‌లో పట్టాలి కనుక అందులో లాగిన్ అనేదే పెట్టలేదు. ఫైలును 512 బైట్ల ముక్కలుగా పంపుతుంది, ప్రతి ముక్కకీ అందిందన్న జవాబు కోసం ఆగుతుంది. 1999లో ఇంటెల్ తెచ్చిన నెట్‌వర్క్ బూట్ పద్ధతి పీఎక్స్‌ఈ 2.1 కూడా డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీల మీదే నిలబడింది. డీహెచ్‌సీపీ సందేశాలకు సంతకం జోడించే పద్ధతిని 2001లో రాశారు గానీ అది వాడుకలోకి రాలేదు.

నలభై సిస్టమ్‌ల ల్యాబ్‌ను చూసుకునేవాళ్లకు ఈ పద్ధతి విలువ వేరే చెప్పనక్కర్లేదు. సర్వర్‌లో ఒక్క ఇమేజ్ సరిచేస్తే మర్నాడు పొద్దున నలభై సిస్టమ్‌లూ సరిగ్గా లేస్తాయి. మేమూ అలాగే నడిపాం. మ్యాక్ అడ్రస్‌ల పట్టిక పెట్టుకుని, పట్టికలో ఉన్నవాటికే పరీక్షల ఇమేజ్ ఇచ్చేవాళ్లం. ఒకరోజు ఒక విద్యార్థి తన ల్యాప్‌టాప్‌లో ఒకే ఒక్క కమాండ్‌తో మ్యాక్ అడ్రస్ మార్చి, ఆ ఇమేజ్‌ను దించుకుని నా ముందు పెట్టాడు. చెడ్డ బుద్ధితో కాదు, సార్ చూడండి అని చూపించడానికే. మ్యాక్ అడ్రస్ తలుపు మీద రాసిన ఇంటి నంబరు లాంటిదనీ, తాళం కాదనీ ఆ రోజు నాకు బాగా తెలిసొచ్చింది.

ప్రతి మదర్‌బోర్డు రోమ్‌లోనూ తాళంచెవి రాసిపెట్టవచ్చు కదా అంటారు. నాలుగు కంపెనీల సిస్టమ్‌లుంటే నాలుగు రకాల ఫర్మ్‌వేర్ ఉంటుంది. రాస్తుండగా కరెంటు పోతే ఆ బోర్డు ఇక లేవకపోవచ్చు. వాటి జోలికి పోకుండా పని జరగాలంటే ముందు ఒక మాట ఒప్పుకోవాలి: డిస్క్ లేని, ఫర్మ్‌వేర్‌లో ఏమీ దాచని మెషీన్‌కు సొంత రహస్యం ఉండదు. ఆ రహస్యం మెషీన్ ముందు కూర్చున్న మనిషి దగ్గరో, కేబుల్ గుచ్చిన చోటో, చేతిలోని పెన్‌డ్రైవ్‌లోనో ఉండాలి.

మనిషి దగ్గర నుంచి మొదలుపెడితే ఐపీఎక్స్‌ఈ అనే బూట్ ప్రోగ్రామ్ చాలా అక్కరకొస్తుంది. కార్డులోని పాత ప్రోగ్రామ్ చేత మొదట దీన్ని తెప్పిస్తాం, తర్వాత పగ్గాలు దీనివే. దీనికి హెచ్‌టీటీపీఎస్ తెలుసు. తయారుచేసేటప్పుడే మన రూట్ సర్టిఫికెట్‌ను లోపల కూర్చితే మన సర్వర్‌ను తప్ప నమ్మదు. లాగిన్ అన్న కమాండ్‌తో యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. అవి సరిపోతేనే సర్వర్ కెర్నల్‌ను పంపుతుంది, దానితోపాటు ఆ ఒక్క బూట్‌కే పనికొచ్చే తాళంచెవిని కూడా. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. సర్టిఫికెట్‌తోపాటు క్లయింట్ ప్రైవేట్ కీని కూడా అదే ఫైలులో పెట్టేస్తారు. టీఎఫ్‌టీపీలో ఆ ఫైలును అడిగినవాళ్లందరూ దించుకోగలరు. సర్టిఫికెట్ అందరూ చూడొచ్చు, ప్రైవేట్ కీ ఎవరూ చూడకూడదు.

అయినా ఒక కన్నం మిగిలే ఉంది. ఐపీఎక్స్‌ఈ వచ్చేదే కాపలా లేని దారిలో. దొంగ సర్వర్ ఒకటి అచ్చం అలాంటి లాగిన్ తెరే చూపించి పాస్‌వర్డ్ లాగేసుకోగలదు. అందుకే స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టాలి, సర్వర్ ఉన్న పోర్ట్ నుంచి తప్ప మరే పోర్ట్ నుంచీ జవాబు రాకుండా. అదే స్విచ్ ఆప్షన్ 82 అనే చీటీలో, అడిగింది ఏ పోర్ట్‌లోని మెషీనో కూడా సర్వర్‌కు రాసి పంపుతుంది. మ్యాక్ అడ్రస్ మార్చడం తేలికే గానీ, బీరువాలో పెట్టి తాళం వేసిన స్విచ్‌లో పోర్ట్ మార్చడం కష్టం. ఇంకా గట్టిగా కావాలంటే ఐపీఎక్స్‌ఈని పెన్‌డ్రైవ్‌లో వేసి ల్యాబ్ అసిస్టెంట్ చేతికివ్వాలి. అప్పుడు ప్రైవేట్ కీ కూడా అందులోనే ఉండొచ్చు, టీఎఫ్‌టీపీ అవసరమే ఉండదు.

మెషీన్‌ను కాక మనిషిని నమ్మడమనే ఆలోచనకు పాత పెద్ద దిక్కు ఎంఐటీలో 1983లో మొదలైన ప్రాజెక్ట్ అథీనా. అక్కడి వర్క్‌స్టేషన్లు ఎవరు పడితే వాళ్లు వచ్చి కూర్చునేవి, కాబట్టి వాటిని నమ్మకూడదని ముందే తీర్మానించుకున్నారు. అందుకోసం కెర్బరోస్ అనే లాగిన్ పద్ధతిని తయారుచేశారు. పాస్‌వర్డ్ వైరు మీద ప్రయాణించదు, కొన్ని గంటలు చెల్లే టికెట్ మాత్రం వస్తుంది. మా ల్యాబ్‌లో ఇప్పుడు హోమ్ డైరెక్టరీలు తెరుచుకునేది ఆ టికెట్‌తోనే. బూట్ సమయంలో వచ్చిన తాళంచెవి ర్యామ్‌లో ఉంటుంది. సాయంత్రం అయిదున్నరకు మెయిన్ స్విచ్ కట్టేస్తే ర్యామ్‌తోపాటే అదీ పోతుంది. మర్నాడు తొమ్మిదిన్నరకు మళ్లీ అవే చుక్కలు, మళ్లీ అదే పాస్‌వర్డ్ ప్రశ్న.