కల్పితలోకములందు వార్తాసాధనము, పరలోకవిచారము

ఆలంకారికులు కావ్యేతివృత్తమును బ్రఖ్యాతమనియు, నుత్పాద్యమనియు, మిశ్రమనియు మూఁడువిధములుగా విభజించిరి. పురాణేతిహాసములనుండి గ్రహింపఁబడినది ప్రఖ్యాతము. కవి తన బుద్ధిచే నిర్మించుకొన్నది యుత్పాద్యము. రెంటి మేళనము మిశ్రము. వసుచరిత్రకారుఁడైన రామరాజభూషణుఁడు వీనిని రత్నములతోఁ బోల్చి, కేవలకల్పనాకథలను గృత్రిమరత్నములలోఁ జేర్చి, కవికల్పనచే సానఁదీరిన పూర్వకథలకే పెద్దపీట వేసెను. ఈ తీర్పు మన పండితలోకమునఁ జిరకాలము చెల్లినది. పాఠశాలలందుఁ గళాపూర్ణోదయమును జిక్కుకథ యని యొక్క వాక్యముతో దాఁటిపోవు నలవాటు దాని ఫలమే యని నా తలంపు.

అయినను నుత్పాద్యవస్తువు నేఁడు కవులచేతనే గాక విద్యార్థులచేతను నిర్మింపఁబడుచున్నది. 1974వ సంవత్సరమున అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను క్రీడను వెలువరించిరి. అందుఁ గొందఱు మిత్రులు కూడి కూర్చుందురు. ఒకఁడు సూత్రధారుఁడై లోకమును వర్ణింపఁగాఁ దక్కినవారు పాత్రలను ధరించి మాటలతోనే కథను నడుపుదురు. ఇట్టి క్రీడలు మన దేశమునకును వచ్చినవి. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల విద్యార్థులు కొందఱు తమ క్రీడకై వ్రాసికొన్న లోకవర్ణనపత్రములను నేను జదివితిని. రాజ్యములను, నదులను, ఆయుధములను గల్పించుటలో వారి నేర్పు మెచ్చఁదగినది. కాని రెండు ప్రశ్నలయొద్ద నెల్లరును దడఁబడిరి. ఆ లోకమున దూరమున నున్నవానికి వార్త యెట్లు చేరును? అందు మృతుఁడైనవాఁ డెచ్చటికిఁ బోవును? ఈ రెండును వేఱువేఱు ప్రశ్నలుగాఁ దోఁచును. విచారించినచో నవి యొక్కటియే యనియు, దానిని బదునాఱవ శతాబ్దమునఁ బింగళి సూరన యుత్తమరీతిఁ బరిష్కరించెననియు నీ వ్యాసమున నిరూపింపఁ బూనితిని.

ముందుగాఁ బూర్వపక్షము. "కల్పితమైన లోకమునకు నియమ మేల? కవి యేది యనిన నదియే సత్యము గదా" యని కొందఱందురు. దీనికి వైయాకరణుని సమాధాన మిది. పాణిని టి, ఘు, భ యని కొన్ని సంజ్ఞలను జేసెను. ఆ యక్షరములకు లోకమున నే యర్థమును లేదు. అవి శుద్ధముగా నాచార్యుని స్వేచ్ఛ. అయినను సంజ్ఞ చేసిన మఱుక్షణమునుండి యది శాస్త్రమంతటను నాచార్యునిఁ గూడ బంధించును. ఒక సూత్రమున ఘు యనఁగా నొకటియు, వేఱొకచో నింకొకటియు నైనచో శాస్త్రము నిలువదు. కల్పనయు నట్టిదే. ఆరంభమున స్వాతంత్ర్యము, తరువాతఁ బారతంత్ర్యము. కాఁబట్టి కల్పితలోకమును బరీక్షింపవలసినది యెంత వింతగా నున్నదని కాదు. తాను జేసికొన్న సంజ్ఞను దాను మన్నించినదా యని.

ఈ దృష్టితో మొదట వార్తాసాధనమును జూతము. నేను జదివిన పత్రములలోఁ బెక్కింట నొక మాయాదర్పణము గలదు. అందుఁ జూచి యెవ్వఁడైన నెవ్వనితో నైన మాటాడవచ్చును. ఇట్టి దర్పణము కథను జంపును. వార్త యందఱికి నెల్లప్పుడు నందునెడల విరహము లేదు, భ్రాంతి లేదు, దూతయు లేఁడు. కావున వార్తాసాధనము యొక్క విలువ యది చేర్చు చోటులలో లేదు, చేర్పలేని చోటులలో నున్నది.

సూరన ప్రభావతీప్రద్యుమ్నమును జూడుఁడు. కథ హరివంశములోనిది. వజ్రనాభుని యనుమతి లేక వజ్రపురమున గాలికైనఁ జొర శక్యము గాదు. ఇది యుత్సర్గము. ఇట్టి పురమున నున్న ప్రభావతికిఁ బ్రద్యుమ్నుని వార్త చేరవలెను. కవి యిచట మాయచే గోడను బగులఁగొట్టింపఁడు. దేవలోకపు హంసలు పురమునఁ దిరుగఁజొచ్చును. శుచిముఖి యను హంసి తన వాక్చాతుర్యముచే నటుని ప్రశంస చేసి, యా రాక్షసునకే నాటకము చూడ వేడుక పుట్టించును. అతఁడు నటులను దానే రప్పించుకొనును. ఆ నటులలోఁ బ్రద్యుమ్నుఁ డుండును. నియమము భగ్నము కాలేదు. అనుమతి లేక యెవ్వరును బ్రవేశింపరాదనుట యక్షరాల నిలిచినది, అనుమతియే సంపాదింపఁబడినది. అపవాద ముత్సర్గము కడుపునందే పుట్టినదన్నమాట. వేషము ధరించి పరకాయమును నటించుటయే యా పురమునకు ద్వారమగుట, నేఁటి క్రీడాకారులు ప్రత్యేకముగా గమనింపఁదగిన విషయము.

పైఁ జెప్పిన యమెరికాక్రీడయందును నీ వివేకము లేకపోలేదు. 2014లో వెలువడిన దాని యైదవ కూర్పున దూరవార్తామంత్ర మొకటి గలదు. దానిచేఁ బంపఁదగినది యిరువదియైదు పదములకు మించరాదు. మృతునితో సంభాషించు మంత్రమునందు శవము నైదు ప్రశ్నలు మాత్రమే యడుగవచ్చును. సూత్రలాఘవము నెఱిఁగినవాఁడు దీనిని మెచ్చకపోఁడు. కాని పదమనఁగా నేమో వారు నిర్వచింపలేదు. మన సంస్కృతమున సమాస మెంత దీర్ఘమైనను నేకపదమే గదా! దండకారణ్యమంత సమాసమును గూర్పఁగల పండితుఁ డొక్క పదముతోనే గ్రామవృత్తాంతమంతయుఁ బంపును. క్రీడను దెలుఁగుసీమకుఁ దెచ్చువారు సంజ్ఞను మఱల నిర్వచించుకొనక తప్పదు.

కళాపూర్ణోదయమునకు వత్తము. చిత్తూరికిఁ జేరువనున్న కట్టమంచిలోఁ బుట్టిన రామలింగారెడ్డిగారు 1914లో "కవిత్వతత్త్వవిచారము"న సూరన కావ్యములను నూతనదృష్టితో విమర్శించి కథాసంవిధానమునకుఁ బ్రాధాన్యము నిచ్చిరి. వారి మార్గమునందే నాలుగడుగులు వేసి, యా సంవిధానమునకు నాధారమైన నియమము నించుక వెదకెదను.

ఈ కావ్యమున వార్త లన్నియు వక్రమార్గముననే నడచును. బ్రహ్మ సరస్వతితో నేకాంతమునఁ గథ చెప్పును. దానినొక చిలుక వినును. మణిస్తంభుఁడను సిద్ధునకు దూరముననున్నవానిని జూచుటకును వినుటకును శక్తి కలదు. కాని చూచినదంతయుఁ దనకు ఫలించునట్టి తెలివి యా శక్తితో రాదు. మణికంధరుఁడు నలకూబరుని రూపమును, గలభాషిణి రంభారూపమును దాల్చి, యెదుటివారు నిజమైనవారే యని యొండొరులు నమ్మి కలియుదురు. ఇచట సంకేతము చేరినది, యర్థము చేరలేదు. శబ్దము వినఁబడినంతనే శాబ్దబోధ కలుగదని మన శాస్త్రము. ఆ బోధ మఱుజన్మమువఱకు వాయిదా పడినది. ఇదియే సూరన యపూర్వకల్పన: ఈ లోకమునఁ బూర్తి కాని వార్తను బూర్తిచేయుటకు జన్మాంతర మతనికి సాధనము.

అందుచేతఁ బరలోకవిచార మిచట వార్తావిచారమున కనుబంధమైనది. చిలుక కలభాషిణియైనది, కలభాషిణి మధురలాలసయైనది. మణికంధరుఁడు కళాపూర్ణుఁడైనాఁడు. పూర్వకథయందే కవి ప్రవేశపెట్టిన రత్నము పసిపాపయైన మధురలాలస ఱొమ్మును దాఁకఁగనే యామెకుఁ బూర్వజన్మస్మృతి కలిగి, నోరు తిరుగని యా శిశువు కథయంతయుఁ జెప్పును. రత్నస్పర్శ లేనప్పు డామె కేవలము శిశువే. వైయాకరణుఁడు దీనిని జూచి స్థానివద్భావమును స్మరించును. స్థానిని దొలఁగించి దాని చోట వచ్చిన యాదేశము స్థాని ధర్మములను బొందును. కాని స్థాని వర్ణముల నాశ్రయించిన కార్యము మాత్రము దానికిఁ జెల్లదు. జీవుఁ డీ దేహమును విడిచి వేఱొక దేహమును బొందినపుడును దెఱఁగిదే. సంస్కారము వచ్చును, రూపము రాదు. సూరన రత్నమున కీ హద్దు నెచ్చటను దప్పింపలేదు.

సూరన గారుడపురాణమును దెలిఁగించెనని ప్రసిద్ధి. ఆ గ్రంథము నేఁ డలభ్యము. ప్రేతమార్గమును, వైతరణిని, యమపురిని విస్తరించి చెప్పు పురాణమును దెలిఁగించిన చేతికిఁ దన కల్పితకథయందు యమపురిని వర్ణించుట యెంత పని? అయినను నాతఁ డా పని చేయలేదు. ఈ కథ కావశ్యకమైన పరలోక మొక స్థలము కాదు, ఒక స్మృతి. కథకు వలసినంతయే చెప్పుట కల్పనయందు శౌచము. నా విద్యార్థిమిత్రులు పదునాలుగు నరకములను రంగులతో గీసిరి. అందు నొక్కదానికిని గథతో సంబంధము లేదు.

సూరనయందు దోషమే లేదని నా వాదము కాదు. పసిపాప నోటఁ గథయంతయు నొక్క పెట్టున విప్పించుటచేఁ బాఠకునకుఁ దానై కనుఁగొను సంతోషము కొంత తగ్గినది. ముడులు వేయుటయం దున్నంత యోర్పు విప్పుటయందుఁ గనఁబడదు. అయిన నది నియమభంగము కాదు, ప్రమాణలోపము మాత్రమే.

ఈ విషయమును గ్రంథములయందే వెదకనక్కఱలేదు. మదనపల్లెకుఁ జేరువనున్న చిప్పిలి వైదుంబుల శాసనములయందుఁ బ్రసిద్ధమైన యూరు. తొమ్మిది, పది శతాబ్దులయందు బాణులును, వైదుంబులును, నొళంబులును బోరాడిన యీ సీమయందు వీరశిలలు విస్తారముగాఁ గలవు. వీరశిలాసంప్రదాయమునఁ గొన్నింట మూఁడంతస్తులుండును: క్రింద యుద్ధము, నడుమ నప్సరస లిరువురు వీరునిఁ గొనిపోవుట, పైన శివసన్నిధి. అక్షరము రానివాఁడును జదువఁదగిన పరలోకవార్త యిది. పడినవాని వారికి భూమి నిచ్చిరని కొన్ని శాసనములు చెప్పును. అనఁగా మృతుఁడు స్వర్గమునకుఁ బోయినను, వాని ఋణ మూరిమీఁద నిలిచియున్నది. ప్రత్యయము లోపించినను దన్నిమిత్తకమైన కార్యము నిలుచునని మన మెట్లు చెప్పుదుమో, యా గ్రామస్థు లట్లు భూదానముతోఁ జెప్పిరి.

అట్లే ద్రౌపదీధర్మరాజుల గుళ్లయొద్ద భారతోత్సవములందు నర్జునవేషధారి తపసుమాను నెక్కును. నిడుపైన యా మ్రానిపై మెట్టుమెట్టునకు నాగి పాడుచు నెక్కుటయే శివునకుఁ బంపు విన్నపము. దూర మెంతో యంత శ్రమ; శ్రమ యెంతో యంత నమ్మకము. సోది చెప్పు స్త్రీ చేటలో బియ్యము పోసి దీపము పెట్టి, పోయినవాఁడు "నేను" అని పలుకునట్లు పలుకును. అది సత్యమా యను విచార మిచటఁ బ్రస్తుతము గాదు. వార్తయుఁ బరలోకమును నొక్క నోట నెట్లు కలిసినవో చూచుటయే ప్రస్తుతము. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరయందును, గుప్పము తిరుపతిగంగమ్మ జాతరయందును బూనకము వచ్చినవారి మాటను వినువా రా మాట యెవరిదని యెఱిఁగి వినుచున్నారు. ఇంతటి సామగ్రిని వాకిట నుంచుకొని, విద్యార్థులు మాయాదర్పణమును దూరదేశమునుండి తెచ్చుకొనుట శోచనీయము.

మఱొక లోపము భాషాగతము. వారి లోకములం దెల్లరును నొక్క భాషయే మాటాడుదురు. కుప్పమునఁ దెలుఁగు, తమిళము, కన్నడము నొక్క సంతలో వినఁబడును; ద్రావిడవిశ్వవిద్యాలయము 1997లో నచ్చటనే వెలసినది. ఆంగ్లభాషాశాస్త్రవేత్తయైన టోల్కీన్ ముందుగా భాషలను గల్పించి, వానిని మాటాడువారికై లోకమును గల్పించెను. వ్యాకరణము చదివినవానికి క్రమ మదియే సహజముగాఁ దోఁచును. భాష మాఱిన చోట దుబాసి కావలెను. దుబాసి యున్న చోట సందేహము, సందేహమున్న చోటఁ గథ.

పండితమిత్రులకు నా విన్నప మిది. విద్యార్థి యొక లోకమును గల్పించి తెచ్చినపుడు "ఇది పిల్లచేష్ట" యని త్రోసివేయక నాలుగు ప్రశ్నలడుగుఁడు. నీ వార్త యెవ్వరికిఁ జేరదు? చేరుటకు వెల యేమి? నీ మృతుఁ డేమి మఱచును? మిగిలినవారు వానికేమి ఋణపడియున్నారు? వీనికి సమాధానము చెప్పుకొనువాఁడు కళాపూర్ణోదయమును దానై తెఱచి చదువును. ఊరిపొలిమేరలందు మట్టిలోఁ గూరుకొనిపోవుచున్న వీరశిలను గూడ వాఁడు శిలగా మాత్రము చూడఁడు. రామరాజభూషణుఁడు చెప్పినట్లు కేవలకల్పన కృత్రిమరత్నమే యగుఁగాక; మధురలాలస ఱొమ్మును దాఁకినది సూరన కల్పించిన రత్నమే. దాని స్పర్శచేతనే యా కథకు జ్ఞాపకము వచ్చినది.