ముల్లు పెట్టి చూశాకే బేరం

ఆదివారం పొద్దున హైదరాబాద్ ఆబిడ్స్‌లో కొట్లు మూసి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు గుట్టలు పోస్తారు. ఆ గుట్టల మధ్య ఎప్పుడైనా ఒక అట్టపెట్టె, అందులో దుమ్ము కొట్టుకున్న గ్రామఫోన్ రికార్డులు కనిపిస్తాయి. పుస్తకాల బేరంలో ఆరితేరినవాళ్లు కూడా ఆ పెట్టె దగ్గర తడబడతారు. పుస్తకమైతే రెండు పేజీలు తిరగేసి కొనొచ్చు, ప్లేటు లోపలి పాట కంటికి కనపడదు కదా! అందుకే రికార్డులు ఎక్కడ దొరుకుతాయని అడిగేవారికి పాత కాపులు ముందు ఎలా చూడాలో చెబుతారు.

చేతికి వచ్చింది ఏ రకమో మొదట తేల్చుకోవాలి. బరువుగా, పెళుసుగా ఉండి నిమిషానికి 78 చుట్లు తిరిగేది లక్క ప్లేటు. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్కనే రాతిపొడితో, మసితో కలిపి దీన్ని అచ్చు వేసేవారు. కింద పడిందా, పింగాణీ పళ్లెంలా ముక్కలే. పది అంగుళాల ప్లేటుకు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ తెచ్చిన వినైల్ ఎల్పీ తేలిక, కాస్త వంగుతుంది. నిమిషానికి 33 చుట్ల చొప్పున ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పాడుతుంది. చిన్నది 45 చుట్ల ఈపీ. లక్క ప్లేటు మీద ముల్లు నడిచే చాళ్లు ఎల్పీ చాళ్లకన్నా సుమారు మూడు రెట్లు వెడల్పు. ఎల్పీ ముల్లుతో దాన్ని వాయిస్తే ముల్లు చాళ్ల అడుగున గీసుకుంటూ పోతుంది, పాటకన్నా గరగర ఎక్కువ. ప్లేటు కొనేముందు మీ ప్లేయరుకు ఆ వేగం, ఆ ముల్లు ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక పరీక్ష. కవరు చూసి మురిసిపోవద్దు. కవరు మీద ఒక సినిమా, లోపల ఇంకో సినిమా ఉండడం ఈ బజార్లలో మామూలే. ప్లేటును అంచులు పట్టుకుని బయటికి తీసి, ఎండకు ఏటవాలుగా తిప్పండి. వెంట్రుకంత గీతలు పెద్దగా వినపడవు. గోరు తగిలితే ఆగే గీత మాత్రం చుట్టుచుట్టుకీ టక్కుమంటుంది. నల్లగా నిగనిగలాడాల్సిన చాళ్లు బూడిదరంగుకు తిరిగాయంటే అరిగిన ముల్లుతో వాయించారన్నమాట. కంటి ఎత్తున అడ్డంగా పెట్టి చూస్తే వంకర తెలుస్తుంది, మన ఎండల్లో కారులో వదిలేసిన ఎల్పీకి అది తప్పదు. మధ్య చిల్లు చుట్టూ లేబుల్ మీద సన్నటి గీతలు నిండుగా ఉంటే ఆ ప్లేటు బాగా తిరిగిందని అర్థం. తెల్లటి బూజు కనిపిస్తే భయపడక్కర్లేదు, అది చాలావరకు కడిగితే పోతుంది. కానీ లక్క ప్లేటును స్పిరిట్‌తో తుడిచారో, లక్క కరిగిపోతుంది.

ఇంటర్నెట్‌లో కొనేవాళ్లకు ఇంకో చిక్కు. అమ్మేవాళ్లు వాడే కొలమానంలో 'గుడ్' అంటే మంచిదని కాదు, బాగా అరిగిందని. 'వెరీ గుడ్ ప్లస్' అంటేనే నిశ్చింతగా వినగలిగే ప్లేటు.

వేటకు చోట్లు లేకపోలేదు. హైదరాబాద్‌లో ఆబిడ్స్‌తో పాటు గురువారాల జుమ్మెరాత్ బజార్ ఉంది. ముంబయి చోర్ బజార్‌లో మటన్ స్ట్రీట్, ఢిల్లీ జామా మసీదు పక్కన మీనా బజార్, కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్ రికార్డుల వాళ్లకు పాత తావులు. తెలుగు సినిమా పాటలు దశాబ్దాలపాటు మద్రాసులో తయారయ్యాయి కనుక తెలుగు ప్లేట్లకు ఆ ఊరు కూడా వెతకదగ్గదే. పాత సామాన్లు అమ్మే అక్కడి మూర్ మార్కెట్ 1985లో కాలిపోవడం మన వేటగాళ్లకూ నష్టమే. అయితే తెలుగు ప్లేట్లకు వీటన్నిటికన్నా దగ్గరి దారి ఒకటుంది. పెళ్లిళ్లకు, జాతరలకు పాటలు వేసిన పాత మైకుసెట్టు కొట్ల అటకలు అడిగి చూడండి. కాకపోతే ఆ ప్లేట్లు బాగా అరిగి ఉంటాయి, జనం అడిగి అడిగి వేయించుకున్నవి కదా.

ఏ ఊళ్లోనైనా మంచి కొట్టుకు గుర్తు ఒకటే. మూలన ప్లేయరు ఉండాలి, అడిగితే ముల్లు పెట్టి వినిపించాలి. వినిపించడానికి విసుక్కునేవాడి దగ్గర ధర ఎంత తక్కువైనా ఎక్కువే. వినిపించేవాడు దొరికితే రెండోసారీ వెళ్లండి, మూడోసారి మీకోసం పక్కన పెట్టి ఉంచుతాడు.

ఇంత శ్రమ దేనికంటారా? కలకత్తా డమ్‌డమ్‌లోని రికార్డుల ఫ్యాక్టరీ నుంచి లేబుల్ మీద కుక్క బొమ్మతో మన ఇళ్లకు వచ్చిన లక్క ప్లేట్లలో క్యాసెట్టుకూ, సీడీకీ ఎక్కనివి ఉన్నాయి. తెలుగు రంగస్థలాన్ని ఏలిన కపిలవాయి రామనాథశాస్త్రి వంటివారి పద్యం ఎలా ఉండేదో తెలిసేది వాటివల్లే. గంటసేపు సాగదీయగల రాగాన్ని మూడు నిమిషాల్లో ఇమిడ్చిన నేర్పు ఆ చాళ్లలోనే ఉంది. ఎల్పీ కొనడం సరదా కావచ్చు, తెలుగు లక్క ప్లేటు కొనడం మాత్రం ఒక గొంతును కాపాడడం.

మీ అటక మీద అలాంటి పెట్టె ఏదైనా ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. లేబుల్ మీద పేరు చదవండి, ఒక్కసారి ముల్లు పెట్టించి వినండి. అమ్మాలో వద్దో ఆ తర్వాత ఆలోచించొచ్చు.