పెట్రోలు ఓర్పును కొలిచే ఇంజన్

బంకు దగ్గర బైకు ఆపి మామూలు పెట్రోలు పోయించాలా, ప్రీమియం పోయించాలా అని తటపటాయించేవాళ్లు ఆక్టేన్ అంకెల్ని పరీక్ష మార్కుల్లా చూస్తారు, ఎక్కువైతే మేలని. నిజానికి అవి పెట్రోలు ఓర్పుకు కొలత. సిలిండర్లో అదిమినప్పుడు, స్పార్క్ దగ్గర పుట్టిన మంట వచ్చేదాకా తనంతట తాను అంటుకోకుండా ఎంత తట్టుకోగలదో ఆక్టేన్ అంకె చెబుతుంది. తట్టుకోలేకపోతే మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా పేలి ఇంజన్ టకటకమంటుంది. అదే నాకింగ్.

ఆ ఓర్పును కొలిచేది కూడా ఇంజనే. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన వాకెషా మోటార్ కంపెనీ 1928లో తయారుచేసిన సీఎఫ్ఆర్ ఇంజన్ అది. ఒకే సిలిండర్, సుమారు 612 సీసీ. రిఫైనరీల ల్యాబుల్లో ఈనాటికీ ఆ నమూనాయే పనిచేస్తోంది.

దాని పనితనం దగ్గరగా చూడాలి. మన బైకుల్లో కంప్రెషన్, అంటే మిశ్రమాన్ని ఎన్ని రెట్లు అదుముతారన్నది, తయారీలోనే ఖాయమైపోతుంది. ఇక్కడ ఇంజన్ నడుస్తుండగానే సిలిండర్ మొత్తాన్ని పైకీ కిందికీ జరపొచ్చు. దించేకొద్దీ పిస్టన్ పైన చోటు తగ్గి కంప్రెషన్ 4 నుంచి 18 దాకా పెరుగుతుంది. సిలిండరూ హెడ్డూ ఒకే పోత, మధ్యలో గాస్కెట్ లేదు. మరి సిలిండర్ జరిగితే వాల్వుల సందు చెడదా? రాకర్ ఆర్ముల లింకులు దానితోపాటే సర్దుకుని సందు మారకుండా కాస్తాయి. అన్నిటికన్నా ముచ్చటైనది చల్లబరిచే తీరు. సిలిండర్ చుట్టూ నీటిని మరగనిస్తారు. మరిగే నీటి వేడి అక్కడితో ఆగుతుంది కాబట్టి థర్మోస్టాట్ లేకుండానే నిలకడ వచ్చేస్తుంది. ఆవిరి పైన చల్లబడి, మళ్లీ నీరై దిగుతుంది.

కార్బ్యురేటర్‌కు ఒకటికి మించి గిన్నెలుంటాయి. ఒకదాంట్లో పరీక్షించే పెట్రోలు, మిగతావాటిలో కొలత ద్రవాలు. 1926లో రసాయన శాస్త్రవేత్త గ్రాహం ఎడ్గర్ సూచించిన ప్రకారం ఐసో-ఆక్టేన్‌కు 100, హెప్టేన్‌కు సున్నా. 95 పాళ్లు ఐసో-ఆక్టేన్, 5 పాళ్లు హెప్టేన్ కలిపిన ద్రవం ఒక కంప్రెషన్ వద్ద ఎంత నాకింగ్ ఇస్తుందో, పెట్రోలూ అదే కంప్రెషన్ వద్ద అంతే ఇస్తే అది 95.

నిమిషానికి 600 చుట్ల వద్ద కొలిచిన ఆక్టేన్ అంకె ఆర్‌ఓఎన్. 900 చుట్ల వద్ద, మిశ్రమాన్ని బాగా వేడిచేసి కొలిచింది ఎంఓఎన్. మన బంకుల్లో మొదటి అంకె చెబుతారు, అమెరికాలో రెండింటి సగటు. అందుకే అక్కడి 87 ఇంచుమించు 91 ఆర్‌ఓఎన్‌తో సమానం. అక్కడ బండి కొన్న మనవాళ్లు మాన్యువల్లో 91 ఆర్‌ఓఎన్ అని చూసి ప్రీమియం పెట్రోలుకు పరిగెత్తనక్కర్లేదు.

ఈ యంత్రం తీరు తెలిస్తే ఎంపిక తేలిక. బుల్లెట్ 350 కంప్రెషన్ 9.5. అందులో 100 ఆక్టేన్ పోసినా ఆ ఓర్పుతో దానికి పనిలేదు, బలమూ పెరగదు. కంపెనీ అడిగినదానికన్నా తక్కువ అంకె పెట్రోలు పోస్తే మాత్రం, ఘాట్ రోడ్డులో టాప్ గేరు మీద యాక్సిలరేటర్ తిప్పినప్పుడు తేడా చెవికే తెలుస్తుంది. మాన్యువల్ అడిగిన అంకె పోయించండి. మిగిలిన డబ్బుతో ఇంజన్ ఆయిల్ వేళకు మార్పిస్తే బండికి అంతకన్నా మేలు.